ఒకే లోక్‌సభ, ముగ్గురు ప్రధానులు: 1996 మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో హంగ్ పార్లమెంటు (ఎవరికీ మెజారిటీ రాని సభ) గురించి ఒక చిన్న జవాబు ఇచ్చాం. అందులో 11వ లోక్‌సభ పేరు ఒక్కసారి వచ్చిందంతే, దానికే ఇన్ని ఉత్తరాలు, మెయిల్స్ వచ్చాయి. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాం, కొన్నిటిని కుదించాం.

ప్రశ్న: సార్, గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. 1996 లోక్‌సభలో వాజ్‌పేయి, దేవెగౌడ, గుజ్రాల్ ముగ్గురూ ప్రధానులుగా చేశారని బుక్‌లో ఉంది. ప్రధాని మారితే మళ్ళీ ఎలక్షన్లు పెట్టాలి కదా, ఒకే లోక్‌సభలో ముగ్గురెలా? (ఒక పాఠకుడు, హన్మకొండ)

పెట్టక్కర్లేదండీ. మనం ఓటేసేది ఎంపీకి, ఆ ఎంపీలంతా కలిస్తే లోక్‌సభ, దాని గడువు అయిదేళ్ళు. ప్రభుత్వం వేరే సంగతి, ఆ సభలో సగం కంటే ఎక్కువ మంది ఎవరి వెనక ఉంటే వాళ్ళది ప్రభుత్వం. ఒక ప్రభుత్వం పడిపోతే అదే సభలోంచి ఇంకో ప్రభుత్వం పుట్టొచ్చు, అలా పుట్టే ఛాన్సే లేదని తేలినప్పుడే సభని రద్దు చేస్తారు. 1977 లోక్‌సభలో మొరార్జీ దేశాయ్ తర్వాత చరణ్ సింగ్, 1989 లోక్‌సభలో వీపీ సింగ్ తర్వాత చంద్రశేఖర్ వచ్చారు, ఎలక్షన్ లేకుండానే. 11వ లోక్‌సభలో ఇది రెండుసార్లు జరిగింది, తేడా అంతే.

డేట్లు రాసుకోండి, ఎగ్జామ్‌లో అడుగుతారు. వాజ్‌పేయి 1996 మే 16న ప్రమాణం చేశారు, దేవెగౌడ జూన్ 1న, గుజ్రాల్ 1997 ఏప్రిల్ 21న. లోక్‌సభ రద్దయింది 1997 డిసెంబర్ 4న, గుజ్రాల్ మాత్రం ఆపద్ధర్మ ప్రధానిగా 1998 మార్చి దాకా ఉన్నారు. సభ బతికింది ఏడాదిన్నర పైచిలుకు.

సీట్లు చూస్తే ఇలా ఎందుకైందో సగం అర్థమైపోతుంది. మొత్తం 543లో బీజేపీకి 161, కాంగ్రెస్‌కి 140, జనతాదళ్‌కి 46, సీపీఎంకి 32, తమిళ మానిల కాంగ్రెస్‌కి 20, డీఎంకేకి 17, సమాజ్‌వాదీకి 17, టీడీపీకి 16, శివసేనకి 15, సీపీఐకి 12, బీఎస్పీకి 11 వచ్చాయి, ఆ కింద ఇంకా చిన్న పార్టీలు. మెజారిటీకి 272 కావాలి. మొదటి రెండు పార్టీలు చేతులు కలపవు, జనతాదళ్, లెఫ్ట్, టీడీపీ, డీఎంకే లాంటి పార్టీల మూడో గుంపు (తర్వాత యునైటెడ్ ఫ్రంట్ అయింది ఇదే) మొత్తం కలిసినా 200 దాటదు. అంటే మూడు గుంపుల్లో ఎవరో ఒకరు ఇంకొకరికి మద్దతివ్వక తప్పదు, లేదంటే ప్రభుత్వమే లేదు. ఆ తర్వాత జరిగిందంతా ఈ లెక్కలోంచి వచ్చిందే.

ప్రశ్న: మెజారిటీ లేదని తెలిసి కూడా రాష్ట్రపతి వాజ్‌పేయిని ఎందుకు పిలిచారు? (ఒక రిటైర్డ్ టీచర్, కర్నూలు)

అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ గారు ఎక్కువ సీట్లొచ్చిన పార్టీని ముందు పిలవాలి అన్న పద్ధతి పట్టుకున్నారు, మే 31లోగా సభలో బలం చూపించుకోమన్నారు. ప్రధానిని నియమించే అధికారం రాష్ట్రపతిది అని రాజ్యాంగంలో ఉందిగానీ ముందు ఎవర్ని పిలవాలో రాసి లేదు, కాబట్టి చేసింది తప్పు అనలేం. కాకపోతే శివసేన, సమతా, అకాలీదళ్, హర్యానా వికాస్ పార్టీ అన్నీ కలుపుకున్నా బీజేపీ 195 దగ్గరే ఆగిపోయింది, కొత్తవాళ్ళు ఒక్కరూ రాలేదు. మే 27, 28 తేదీల్లో విశ్వాస తీర్మానం మీద జరిగిన చర్చని దూరదర్శన్ లైవ్‌లో చూపించింది, అది చూసినవాళ్ళు మీ వయసు వాళ్ళు చాలామంది ఉంటారు. చివర్లో వాజ్‌పేయి ఓటింగ్ దాకా వెళ్ళకుండా రాజీనామా ఇవ్వడానికి రాష్ట్రపతి దగ్గరికి వెళ్తున్నానని సభలోనే చెప్పి బయల్దేరారు.

ఆ స్పీచ్ అందరికీ గుర్తుంటుంది, కానీ ఇంకో విషయం ఎవరూ గుర్తుచేయరు. ఆ 13 రోజుల ప్రభుత్వమే మహారాష్ట్రలోని ఎన్రాన్ దభోల్ కరెంటు ప్రాజెక్టుకి కేంద్రం కౌంటర్ గ్యారంటీని, అంటే రాష్ట్రం కట్టకపోతే కేంద్రం కడుతుందన్న హామీని, ఓకే చేసింది. సభ నమ్మకం ఇంకా సంపాదించుకోని ప్రభుత్వం అంత పెద్ద ఆర్థిక నిర్ణయం తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం, ఏ పార్టీ అయినా సరే.

స్పీకర్ సంగతి కూడా చూడండి. మొదటిరోజు ప్రొటెం (తాత్కాలిక) స్పీకర్‌గా కూర్చుంది సీపీఐ సీనియర్ ఇంద్రజిత్ గుప్తా, తర్వాత కొద్దిరోజులకే ఆయన దేశానికి మొదటి కమ్యూనిస్టు హోం మంత్రి అయ్యారు. స్పీకర్‌గా కాంగ్రెస్ ఎంపీ, మేఘాలయకి చెందిన పీఏ సంగ్మాని ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. అధికారంలో బీజేపీ, కుర్చీలో కాంగ్రెస్ ఆయన! ఏ పక్షానికీ బలం లేని సభకి అలాంటి స్పీకరే కరెక్టు, నవ్వుతూనే సభని కంట్రోల్ చేసిన తీరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ప్రశ్న: మా నాన్న ఎప్పుడూ చెబుతుంటారు, ఆ ఎలక్షన్లో మా దగ్గర బ్యాలెట్ పేపర్ పుస్తకం అంత ఉండేదట. నిజమేనా? (ఒక పాఠకురాలు, మునుగోడు)

నూటికి నూరుపాళ్ళు నిజమమ్మా. 1996లో నల్గొండ లోక్‌సభ స్థానంలో పోటీ చేసింది 480 మంది. ఈవీఎంలు లేవు, అంతా పేపరే, అందరి పేర్లూ ఉండాలి, ప్రతి పేరు పక్కన ఒక గుర్తు ఉండాలి. 480 గుర్తులు వెతకడం ఎలక్షన్ వాళ్ళకి ఎంత కష్టమో, ఓటర్ చేతికి ఆ కట్ట ఇచ్చి నీ గుర్తు వెతుక్కో అంటే చదువురాని పెద్దవాళ్ళకి ఎంత కష్టమో ఆలోచించండి.

కానీ ఆ 480 మందిలో చాలామంది గెలుద్దామని నిలబడినవాళ్ళు కాదు. మీ మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు బోరు నీళ్ళలో ఫ్లోరైడ్, పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిపోయి, పాతికేళ్ళకే నడవలేని స్థితి, కృష్ణా నది అదే జిల్లాలోంచి పారుతున్నా తాగడానికి గుక్కెడు మంచినీళ్ళు లేవు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి జలసాధన సమితి పిలుపుమీద జనం నామినేషన్లు వేశారు, దేశమంతా ఒక్కసారి ఇటు చూస్తుందని. చూసింది కూడా. గెలిచింది సీపీఐ అభ్యర్థి, సాయుధ పోరాటం నాటి నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం గారు.

అప్పటికి డిపాజిట్ జనరల్ అభ్యర్థికి 500 రూపాయలే, ఎస్సీ ఎస్టీలకి 250. దేశం మొత్తం మీద ఆ ఎలక్షన్లో 13,952 మంది పోటీ చేశారు, అంతకుముందు ఎప్పుడూ లేనంత. దాంతో కొత్త లోక్‌సభ వచ్చిన కొద్ది నెలల్లోనే చట్టం మార్చేసి డిపాజిట్‌ని 10,000 చేశారు, ఎస్సీ ఎస్టీలకి 5,000. 1998 ఎలక్షన్లో అభ్యర్థులు 4,750కి పడిపోయారు. బ్యాలెట్ పేపర్ చిన్నదవడం కోసం అది అవసరమే అని ఒప్పుకుంటా, కానీ ఫీజు పెంచడం నెలల్లో అయిపోయి, నీళ్ళు ఇంటికి రావడానికి ఏళ్ళకేళ్ళు పట్టడం చూస్తే బాధనిపిస్తుంది, మీ నాన్నగారికి ఇది నాకంటే బాగా తెలుసు.

ఇదే సవరణలో ఇంకోటి కూడా పెట్టారు, ఒక మనిషి రెండు సీట్లకి మించి పోటీ చేయకూడదు అని. 1985లో ఎన్టీఆర్ గారు గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్లా నిలబడి మూడూ గెలిచారు కదా, ఇప్పుడు అది కుదరదు, దానికి కారణం ఈ లోక్‌సభే.

ప్రశ్న: రాష్ట్రంలో టీడీపీకి 16 సీట్లే, కాంగ్రెస్‌కి అంతకంటే ఎక్కువ వచ్చాయి. మరి చంద్రబాబు కింగ్‌మేకర్ ఎలా అయ్యారు? (ఒక పాఠకుడు, తెనాలి)

మంచి ప్రశ్న, లెక్క కూడా కరెక్టే. ఉమ్మడి రాష్ట్రంలో 42లో కాంగ్రెస్‌కి 22, టీడీపీకి 16, సీపీఐకి 2, సీపీఎంకి 1, హైదరాబాద్‌లో మజ్లిస్‌కి 1. ఎన్టీఆర్ గారు 1996 జనవరి 18న పోయారు, చంద్రబాబు సీఎం అయ్యి అప్పటికి ఏడాది కూడా కాలేదు, లక్ష్మీపార్వతి గారి పార్టీ విడిగా పోటీచేసి ఒక్క సీటూ తెచ్చుకోలేదు. అంటే ఆ 16 సీట్లతో టీడీపీ ఎవరిదన్న ప్రశ్నకి కూడా జవాబు దొరికింది, అది ఢిల్లీలో ఆయనకి బాగా పనికొచ్చింది.

ఇక కింగ్‌మేకర్ మాట. ఆయన బలం సీట్లలో కాదు, ఉన్న చోటులో ఉంది. యునైటెడ్ ఫ్రంట్‌లో 13 పార్టీలు, జనతాదళ్ వాళ్ళకి వాళ్ళలోనే పడదు, లెఫ్ట్ వాళ్ళు ఒకటంటే ఆర్థిక మంత్రి చిదంబరం ఇంకోటంటారు, డీఎంకే, తమిళ మానిల కాంగ్రెస్ నేత మూపనార్ తమిళనాడు లెక్కలు చూసుకుంటారు. వీళ్ళందరితో మాట్లాడగలిగే మనిషి, తను ప్రధాని పదవి అడగని మనిషి ఒకరు కావాలి. అందుకే కన్వీనర్ అయ్యారు, ఢిల్లీ ఆంధ్రా భవన్‌లో మీటింగుల మీద మీటింగులు నడిచాయి. జ్యోతిబసుని ప్రధాని చేద్దామని ఫ్రంట్ అంతా ఒప్పుకుంటే సీపీఎం కేంద్ర కమిటీయే వద్దంది, దాన్ని బసు తర్వాత చారిత్రక తప్పిదం అన్నారు. ఆ తర్వాతే కర్ణాటక సీఎం దేవెగౌడ పేరు ముందుకొచ్చింది.

టీడీపీ నుంచి ఎర్రన్నాయుడు గారు గ్రామీణాభివృద్ధి శాఖతో కేబినెట్‌లోకి వెళ్ళారు, బోళ్ళ బుల్లిరామయ్య, ఉమ్మారెడ్డి వెంకటేశ్వర్లు, వేణుగోపాలాచారి లాంటివాళ్ళు సహాయ మంత్రులయ్యారు. జనతాదళ్ నుంచి జైపాల్ రెడ్డి గారు గుజ్రాల్ హయాంలో సమాచార ప్రసార మంత్రి, దూరదర్శన్, ఆకాశవాణిలకి స్వయంప్రతిపత్తి ఇచ్చే ప్రసార భారతి చట్టం 1990లో పాసై అటకెక్కితే దాన్ని 1997లో అమల్లోకి తెచ్చింది ఆయనే.

ఒకటి మాత్రం మర్చిపోవద్దు. కాంగ్రెస్‌కి వ్యతిరేకంగా 1982లో పుట్టిన పార్టీ, ఇక్కడ రాష్ట్రంలో కాంగ్రెస్‌తో రోజూ కొట్లాడుతూ, అక్కడ కాంగ్రెస్ మద్దతుతో నిలబడ్డ ప్రభుత్వానికి కన్వీనర్. నంద్యాలలో పీవీ గారి మీద టీడీపీ పోటీ పెట్టింది, పీవీ గెలిచారు, ఒడిశాలో బరంపురం కూడా గెలిచి దాన్నే ఉంచుకుని నంద్యాల వదిలేశారు, ఉపఎన్నికలో భూమా నాగిరెడ్డి టీడీపీ తరఫున గెలిచారు. ఢిల్లీలో మద్దతు, నంద్యాలలో యుద్ధం, రెండూ అదే ఏడాది.

ప్రశ్న: దేవెగౌడ, గుజ్రాల్ ఇద్దరూ లోక్‌సభ ఎంపీలు కాదంటగా, అలా కుదురుతుందా? (ఒక డిగ్రీ స్టూడెంట్, రాజమండ్రి)

కుదురుతుంది. ఏ సభలో మెంబర్ కాకపోయినా మంత్రి కావచ్చు, ఆరు నెలల్లో ఏదో ఒక సభకి ఎన్నికైతే చాలు, ఆర్టికల్ 75 చూడండి. మన పీవీ గారు 1991 జూన్‌లో ప్రధాని అయ్యేనాటికి ఎంపీ కాదు, తర్వాత నంద్యాల ఉపఎన్నికలో గెలిచి వెళ్ళారు. దేవెగౌడ 1996 సెప్టెంబర్‌లో కర్ణాటక నుంచి రాజ్యసభకి వెళ్ళారు, గుజ్రాల్ బీహార్ నుంచి రాజ్యసభ మెంబర్. రాజ్యసభ మెంబర్ అయిన ప్రధాని లోక్‌సభలో మాట్లాడొచ్చుగానీ ఓటు వేయలేరు, కాబట్టి దేవెగౌడ తన ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానం ఓడిపోయిన రోజు ఆయనకి ఆ సభలో ఓటు లేదు.

ప్రశ్న: పదమూడు పార్టీల కలగూరగంప కాబట్టే ఆ ప్రభుత్వాలు పడిపోయాయి, ఇలాంటివి దేశానికి మంచిది కాదు అని మా ఆఫీసులో అంటారు. మీరేమంటారు? (ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం)

ఈ మాట చాలామంది అంటారు, నేను ఒప్పుకోను, ఎందుకో కొంచెం వివరంగానే చెప్తా. ఆ 13 పార్టీలలో ఏ ఒక్కటీ ప్రభుత్వాన్ని పడగొట్టలేదు. 1997 జులైలో లాలూ జనతాదళ్ చీల్చి ఆర్జేడీ పెట్టుకున్నప్పుడు కూడా ప్రభుత్వానికి మద్దతు తీయలేదు. రెండుసార్లూ కూల్చింది ప్రభుత్వంలో లేని పార్టీ, బయటినుంచి మద్దతిస్తున్న కాంగ్రెస్.

మొదటిసారి చూడండి. 1996 సెప్టెంబర్‌లో పీవీ గారు కాంగ్రెస్ అధ్యక్ష పదవి వదిలేశాక సీతారాం కేసరి వచ్చారు. 1997 మార్చి 30న ఉన్నట్టుండి రాష్ట్రపతికి మద్దతు ఉపసంహరణ లేఖ ఇచ్చేశారు. పార్లమెంటులో బడ్జెట్ సగంలో ఉంది, దేవెగౌడ మీద చెప్పిన ఆరోపణలేవీ ఒక ప్రభుత్వాన్ని దించేంత పెద్దవి కావు. ఏప్రిల్ 11న సభలో దేవెగౌడ ఓడిపోయారు, పది రోజులకే అదే ఫ్రంట్, దాదాపు అదే మంత్రులు, అదే కాంగ్రెస్ మద్దతు, పైన ప్రధాని మాత్రం గుజ్రాల్! అంటే విధానం మీద గొడవ కాదు కదా అది, మనిషి మారితే చాలన్నారు.

రెండోసారి. రాజీవ్ గాంధీ హత్య వెనక కుట్ర మీద వేసిన జైన్ కమిషన్ మధ్యంతర నివేదిక 1997 నవంబర్‌లో బయటికొచ్చింది. అందులో డీఎంకే మీద విమర్శలున్నాయి కాబట్టి ఆ పార్టీ మంత్రుల్ని తీసేయాలని కాంగ్రెస్ పట్టుబట్టింది. గుజ్రాల్ కుదరదన్నారు, ఫ్రంట్ మొత్తం ఆయన వెనకే నిలబడింది, నవంబర్ 28న కాంగ్రెస్ మద్దతు తీసేసింది, అదే రోజు ఆయన రాజీనామా చేశారు. ఇంకెవరి దగ్గరా 272 లేవు, సభ రద్దు. పదవి పోతుందని తెలిసి కూడా తోటి పార్టీని బలివ్వకపోవడం చిన్న విషయం కాదు, గుజ్రాల్ గారి మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

వెనక్కి వెళ్తే 1979లో చరణ్ సింగ్‌కి ఇందిరా కాంగ్రెస్ బయటి మద్దతు ఇచ్చి తీసేస్తే ఆయన పార్లమెంటుని ఎదుర్కోకుండానే రాజీనామా చేయాల్సొచ్చింది, 1990లో వీపీ సింగ్‌కి బీజేపీ బయటి మద్దతు తీసేసింది, 1991లో చంద్రశేఖర్‌కి మళ్ళీ కాంగ్రెస్. పొత్తులో పెట్టుబడి పెట్టినోడు పంట ఇంటికొచ్చేదాకా కాపలా కాస్తాడు, గట్టు మీద నిలబడి సలహాలిచ్చినోడికి చేను ఎండినా పోయేదేం లేదు. నిర్ణయాల్లో చెడ్డపేరు రాకూడదు, కానీ పిలక మాత్రం చేతిలో ఉండాలి అన్నదే బయటి మద్దతు. సీపీఎం కూడా బయటే ఉండిపోయింది, కానీ ఎప్పుడూ కూల్చలేదు, అది వేరే చెప్పాలి. నా వాదనకి అడ్డొచ్చే కేసు కూడా ఉంది, 1999లో వాజ్‌పేయి ప్రభుత్వాన్ని పడగొట్టిన అన్నాడీఎంకే లోపల మంత్రి పదవులు తీసుకున్న పార్టీయే. కాబట్టి లోపలుంటే గ్యారంటీ అనట్లేదు, బయటుంటే ప్రమాదం ఎక్కువ అంటున్నా అంతే.

ప్రశ్న: ఏడాదిన్నరలో అసలు ఆ లోక్‌సభ ఏమైనా పని చేసిందా? (ఒక పాఠకుడు, పాడేరు)

మీరుండే చోటికి సంబంధించిందే ముందు చెప్తా. 1996 డిసెంబర్‌లో వచ్చిన పీసా చట్టం, అంటే షెడ్యూల్డ్ ప్రాంతాలకి పంచాయతీ వ్యవస్థని విస్తరించే చట్టం, ఈ లోక్‌సభ పాస్ చేసిందే. పాడేరు, అరకు, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు ఏజెన్సీలన్నిటికీ వర్తిస్తుంది. భూమి తీసుకోవాలంటే ముందు గ్రామసభనో పంచాయతీనో సంప్రదించాలి, ఇసుక, రాయి లాంటి చిన్న ఖనిజాలకి వాళ్ళ సిఫార్సు కావాలి, చింతపండు, అడ్డాకులు, తేనె లాంటి అటవీ ఫలసాయం మీద హక్కు వాళ్ళది. మన రాష్ట్రం దానికి తగ్గట్టు చట్టం 1998లో మార్చుకుంది, రూల్స్ మాత్రం 2011లో గానీ రాలేదు. మీ ఊళ్ళో గ్రామసభ నిజంగా కూర్చుని తీర్మానం చేస్తోందా, లేక సంతకాలు ఇంటింటికీ తిప్పి తీసుకుంటున్నారా అన్నది మీరే మాకు రాయాలి, అలాంటి ఉత్తరం వస్తే తప్పకుండా వేస్తాం.

మిగతావి చకచకా. చిదంబరం 1997 ఫిబ్రవరి 28న పెట్టిన బడ్జెట్‌లో ఇన్‌కమ్ ట్యాక్స్ రేట్లు 10, 20, 30 శాతానికి తగ్గాయి, ఆ 30 పై రేటు ఇప్పటికీ అలాగే ఉంది. మహిళా రిజర్వేషన్ బిల్లు మొట్టమొదట సభలో పెట్టింది 1996 సెప్టెంబర్ 12న, దేవెగౌడ ప్రభుత్వం. గీతా ముఖర్జీ నాయకత్వంలోని పార్లమెంటు కమిటీకి వెళ్ళింది, అక్కడితో ఆగింది, చివరికి రాజ్యాంగ సవరణ పాసయ్యేసరికి 2023 వచ్చేసింది. గంగా నీళ్ళ మీద బంగ్లాదేశ్‌తో ఒప్పందం కూడా 1996 డిసెంబర్‌లోనే.

ప్రశ్న: ఫ్రంట్ కన్వీనర్‌గా ఉన్న చంద్రబాబు తర్వాత వాజ్‌పేయి వైపు ఎలా వెళ్ళారు? (పేరు రాయని పాఠకుడు, మెయిల్ ద్వారా)

1998 ఎలక్షన్లో లెక్క మారిపోయింది. బీజేపీకి 182 వచ్చాయి, యునైటెడ్ ఫ్రంట్ చితికిపోయింది. ఇక్కడ కాంగ్రెస్ తన 22 నిలబెట్టుకుంటే టీడీపీ 12కి పడింది, బీజేపీ ఏకంగా 4 గెలిచింది. కాంగ్రెస్ రాకూడదంటే ఇక మిగిలిన దారి అదొక్కటే అని ఆయన లెక్కేసుకున్నారు, లెఫ్ట్ పార్టీలు మాత్రం దాన్ని మోసంగానే చూశాయి, అప్పట్లో వాళ్ళ కోపం అర్థం చేసుకోదగ్గదే. టీడీపీ మంత్రి పదవులు తీసుకోలేదు, బయటినుంచే మద్దతిచ్చింది, అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి గారు స్పీకర్ అయ్యారు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం 269కి 270తో, ఒక్క ఓటు తేడాతో ఓడిపోయినప్పుడు ఆ ఫలితం సభకి చదివి వినిపించింది ఆయనే. ఆ రోజు టీడీపీ ఎంపీలు వాజ్‌పేయి పక్షానే ఓటేశారు. ఆ 12వ లోక్‌సభ మీద ప్రశ్నలుంటే పంపండి, వచ్చే నెల తీసుకుందాం.